అమ్మ పేరున ఉపవాసం

సునీతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కృష్ణానగర్‌లో మనిద్దరం ఉన్న గదిలోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టాను. మా అమ్మ ఊరి నుంచి వచ్చి నీకిష్టమైన పప్పుచారు చేసింది. అందరికీ వడ్డించి తను మాత్రం తినలేదు.

"నా ఆపరేషనప్పుడు ఆ బిడ్డ నా కోసం కడుపు మాడ్చుకొని ప్రార్థన చేసింది. ఇయ్యాల నేనెట్ల తింట?" అంది. షుగర్ ఉన్న మనిషి.

నీ మీద నాకు ఒళ్లు మండింది. సన్నబడితేనే సినిమా పాటలో ముందు వరసలో నిలబెడతానని డాన్స్ మాస్టర్ నీతో అన్నాడట. నువ్వు ఫిల్మ్ నగర్ సెట్లో కుప్పకూలి మళ్లీ లేవనప్పుడు గానీ నాకా సంగతి తెలియలేదు. నువ్వు పస్తున్నది నడుము కోసం. చెప్పింది మా అమ్మ పేరు, అదీ యేసు ముందు మోకాళ్ల మీద. నిన్ను నమ్మి నేనూ నీ పక్కనే ఉపవాసమున్నాను.

అమ్మకు అంతా చెప్పేశాను.

"దేవుడిచ్చిన ఒళ్లు మంచిగనే ఉండె కదా దానికి" అంటూ అమ్మ కంచం ముందుకు లాక్కుంది.

అందరూ వెళ్లేముందు అమ్మే ప్రార్థన చేసింది. అంతా తెలిసీ నీ పేరెత్తి దేవుడికి స్తోత్రం చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు.

నేను అనలేదు.