గోషెను గట్టుకు ఏ పక్క?

హత్నూర, మంగళవారం

తమ్ముడు బాలప్పకు గట్టు ఇవతలి దేవసహాయం శుభములు కోరి రాయునది.

నువ్వు రాత్రి డ్యూటీకి పటాన్‌చెరు పోతావు, పగలు నిద్రపోతావు. అందుకే మన ఉమ్మడి బోరు స్టార్టర్ డబ్బాలో ఈ ఉత్తరం పెడుతున్న. నీ పత్తిలో గట్టు పక్క సాళ్ల నిండా లద్దెపురుగు. నా చేను రోడ్డు పక్కన చూడు, ఒక్క ఆకుకు చిల్లు లేదు. ఐగుప్తు మీదికి ఈగల గుంపులు వచ్చినప్పుడు దేవుడు తన ప్రజలుండే గోషెనును మాత్రం కాపాడాడు, నిర్గమకాండం ఎనిమిదో అధ్యాయం. నా చేనే ఆ గోషెను. ఆదివారం మా చర్చి సంఘమంతా ఇక్కడికే వస్తోంది, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పాలి. ఆలోపు మందు కొట్టు.

నీ మేలుకోరే
దేవసహాయం

తా.క.: గట్టు పక్క నా సాళ్లలోనూ కొన్ని ఆకులు కొరికి ఉన్నాయి. అవి నీ పురుగులే. నేను గుర్తుపట్టిన.

బుధవారం

దేవసహాయం అన్నకు బాలప్ప దండాలు.

నన్ను ఐగుప్తును జేసినవా అన్నా! డ్యూటీ దిగి వచ్చి చేనంత అడ్డం, నిలువు తిరిగిన. గట్టుకాడ తప్ప లోపల ఒక్క పురుగు లేదు. ఈ పురుగు ఒక్కకాడనే కుప్పగ గుడ్లు పెడతది. ఆడ ఆకు అయిపోయినంక పక్కకు నడుస్తది. నాకాడ కుప్ప లేదు. నువ్వు రోడ్డు మీదికెళ్లి సూసుడేనా, ఎన్నడన్న నడిమిట్లకు పోయినవా?

నీ గట్టు దోస్తు
బాలప్ప

తా.క.: నీ పురుగులు నా దిక్కు వస్తే అది ఏ అధ్యాయం?

గురువారం

అల్పవిశ్వాసి తమ్ముడికి,

విశ్వాసమంటే కంటికి కనబడనివాటికి రుజువు, హెబ్రీయులకు రాసిన పత్రిక పదకొండో అధ్యాయం. నేను లోపల చూడలేదు. అందుకే నా నమ్మకం ఇంత గట్టిగా ఉంది. ఆ తనిఖీలు మీ కంపెనీలో చేసుకో.

నీ కోసం మోకరించే
దేవసహాయం

తా.క.: మోకరించడం అయింది. మందు మాత్రం నువ్వే కొట్టు.

శుక్రవారం

అన్నా, కోపం చెయ్యకు.

మందు తెచ్చిన. కానీ నా గట్టుకాడ కొడితే ఏం ఫాయిదా? కుప్ప నీకాడుంటే మల్ల వస్తయి. పత్తి పోతే ఇద్దరం ఆగమైతం. మందిని తోలుకొచ్చే ముందుగాల జెర లోపలికి పోయి సూడు.

నిద్ర లేక పరేషానైన
బాలప్ప

తా.క.: నీ చేను నడిమిట్ల కొంగలు దిగుతున్నయి. అవి ప్రార్థనకైతే రాలె.

ఆదివారం సాయంత్రం

ప్రియ సహోదరుడు బాలప్పకు,

"గోషెను నడుమ ఫొటో దిగుదాం" అంటూ మా సంఘంలోని హన్నా అక్క అందరికన్నా ముందు చేనులోకి నడిచింది. నేను ఆపేలోపే కేక పెట్టింది. మంచం వేసేంత జాగాలో కాడలే మిగిలాయి, పురుగు మీద పురుగు. సంఘమంతా నా మొహం చూసింది. నేను బైబిల్ పైకెత్తి అరిచిన: "సహోదరులారా, గోషెను ఉంది! గట్టు అవతల ఉంది!" అందరినీ నడిపించుకొచ్చి నీ చేనులో సభ ముగించిన. నీ నడిమి సాళ్లు చూసి స్తోత్రం చెప్పనివారు లేరు. నువ్వు నిద్రలో ఉన్నావని లేపలేదు.

రేపు పొద్దున్నే ఆ మందు పట్టుకుని రా. ముందు నా కుప్ప మీద కొడదాం.

గోషెను పొరుగువాడు
దేవసహాయం

తా.క.: వచ్చే ఆదివారం పటాన్‌చెరు సంఘం కూడా నీ చేను చూడ్డానికి ఆటోల్లో వస్తోంది. డ్యూటీకి సెలవు పెట్టు, సాక్ష్యం నువ్వే చెప్పాలి. మందు డబ్బా మాత్రం ఎవరికీ కనబడనియ్యకు.