తమ్ముడి ఒక్కపొద్దు

నల్గొండ, 1997. శనివారం రాత్రి.

బట్టతలని రెండు సంబంధాలు తప్పిపోయాక, తమ్ముడు హైదరాబాదులో తలకు వెంట్రుకలు నాటించుకుని వచ్చాడు. నేటికి నాలుగు రోజులు. వాపు కళ్ల మీదికి దిగింది. తల వెనుక కుట్లు సలుపుతుంటే రాత్రుళ్లు కూర్చునే కునుకు తీస్తున్నాడు.

నాటినవి నిలవాలని ఈ రోజు ఒక్కపొద్దు ఉండమన్నది నేనే. నొప్పి గోళీ ఏదైనా తిన్నాకే వేయాలని డాక్టరు రాసిన చీటీ చదివాను. అయినా పొద్దున్నే ఖాళీ కడుపు మీద ఇచ్చాను. దేవుడు చూసుకుంటాడనుకున్నాను.

మధ్యాహ్నం వాంతులయ్యాయి. వంగి వంగి కక్కేసరికి వెనుక ఒక కుట్టు తెగి మెడ మీదికి నెత్తురు కారింది. గుడ్డతో అదిమి పట్టుకున్నాను.

"ఫికర్ చెయ్యకు అక్కా. సంబంధపోళ్లు సూసేది ముందటనే గద, ఎనకనా?" అని నవ్వబోయి పళ్లు బిగించాడు.

"జర అన్నం తింటవారా?"

"పొద్దుగూకినంకనే తినమంటివి గద."

అప్పుడే పెరుగన్నం కలిపి నా చేత్తో తినిపించాను.

రేపు మొదటి బస్సుకే హైదరాబాదు దవాఖానకు పోవాలి. దేవుడి దీపం ముందు కూర్చున్నాను గానీ ఏమడగాలో తోచలేదు. మధ్యాహ్నం నెత్తురు కారుతున్నా వాడు నా మాటే పట్టుకుని ఆకలితో కూర్చున్నాడు. అదే భయంగా ఉంది...