ఐదు నెలల కొలువు

ఏవండీ,

బాగున్నారా? మీరు వెళ్లి నిన్నటికి పదకొండు నెలలు. ఇన్నాళ్లూ రాయలేదని అలగకండి. బతికున్నప్పుడు నేను చెప్పినవే సగం వినలేదు మీరు... ఇప్పుడైతే మధ్యలో లేచి వెళ్లే వీలు లేదుగా!

ఇక్కడే అమెరికాలో, పార్సిప్పనీలో, మన అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాను. మీ చివరి ఎనిమిది నెలలూ మీకు స్నానం చేయించి, మందులు మింగించిన ఫిలిప్పీన్స్ మనిషి మారిసెల్ ఇప్పటికీ వస్తోంది. నా మోకాళ్ల కోసమని అందరికీ చెబుతున్నాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి. మాట్లాడే మనిషి కావాలి... ఆ సంగతి మీతో తప్ప ఇంకెవరితో ఒప్పుకుంటాను?

ఆమె వచ్చిన మొదటి వారం గుర్తుందా? గుడ్ మార్నింగ్ చెప్పి చివర ‘పో’ అనేది. మాత్ర ఇచ్చి పో, కాఫీ ఇచ్చి పో. నా ఇంట్లో నిలబడి నన్నే పొమ్మంటుందా అని నేను ఏజెన్సీకి ఫోన్ చేయబోతే మీరు పడీపడీ నవ్వారు. “శకుంతలా, యాభై ఏళ్లుగా నువ్వు నన్ను అనలేకపోయిన మాట ఆ పిల్ల ఎంత మర్యాదగా అంటోందో చూడు!” తీరా చూస్తే అది వాళ్ల ‘అండీ’. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు చివర చేర్చే గౌరవం. ముప్ఫై ఏళ్లు కాలేజీలో భాషాశాస్త్రం చెప్పినదాన్ని... సిగ్గుతో ఆ రోజు ఆమెకు పెసరట్లు వేసిపెట్టాను.

మీరేమో ఎకనామిక్స్ లెక్చరరు. పేపర్లో ఆమె దేశం వృద్ధి రేటు కనబడితే చాలు, పిలిచి మరీ చదివి వినిపించేవారు. “ముందు దేశం లేవాలమ్మా, దాని వెనకే ఇల్లు లేస్తుంది.” ఆమె నవ్వి తలూపేది. ఒకే ఒక్కసారి, మీ కాళ్లకు నూనె రాస్తూ, దేశం లేచే ఉంటుంది గానీ తన భర్త మాత్రం ఇంకా బస్సు కోసం నిలబడే ఉన్నాడని అంది. మీరు పేపరు మడిచేశారు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. ఏమాలోచించారు? నాకెందుకు చెప్పలేదు?

ఆ భర్తను మొన్న ఫోన్‌లో చూశాను. మనకు సాయంత్రం, వాళ్లకు పొద్దున. మనీలాలో తాపీ మేస్త్రి. కడుతున్న భవనం ముప్ఫయ్యో అంతస్తు నుంచి ఊరంతా తిప్పి చూపించాడు. అబ్బ... ఏం ఊరండీ! ఎటు చూసినా అద్దాల మేడలు, ఆకాశంలో క్రేన్లు. మీరు చదివిన శాతాలన్నీ ఇటుకలై నిలబడ్డాయి. నోరు తెరుచుకుని చూశాను. ఇందులో మీ ఇల్లెక్కడ అని అడిగితే వేలు చాపాడు... మేడలన్నీ అయిపోయాక, పొగమసక మొదలయ్యే చోటు. రానూపోనూ ఐదు గంటలట. అందుకని వారమంతా పనిచోటే రేకుల షెడ్డులో పడుకుంటాడు. ఆ మాట ఫిర్యాదులా చెప్పలేదు. తను కట్టిన గోడను, పెంచుకున్న ఎద్దును తట్టినట్టు తట్టి చూపించాడు.

వాళ్లమ్మాయి జోనాకు అక్కడే ఓ మాల్‌లో బట్టల షాపులో పని. ఆరు నెలలు దాటితే పర్మనెంట్ చెయ్యాలట. అందుకే ఐదో నెల నిండగానే పంపేస్తారు. ఇంకో షాపు, మళ్లీ ఐదు నెలలు. ఏడేళ్లుగా ఇదే తంతు. ఏడేళ్ల అనుభవమున్న కొత్త ఉద్యోగి! ఇలాంటి సమాసం నేను ఏ వ్యాకరణంలోనూ చదవలేదు.

ఈసారి గడువు ముగుస్తుండగా గల్ఫ్‌లో ఇంటిపనికి పిలుపు వచ్చింది. సంతకం పెడితే రెండేళ్లు. నాలుగేళ్ల కొడుకును తన మేనత్త దగ్గర వదలాలి. మారిసెల్ కూడా జోనాను సరిగ్గా ఆ వయసులోనే, ఆ మేనత్త దగ్గరే వదిలి వచ్చింది. వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. వెళ్లమనడానికీ రాలేదు. వారం రోజులు నా వంటింట్లో అక్కర్లేనన్ని ఉల్లిపాయలు తరిగింది...

శుక్రవారం సాయంత్రం ఫోన్ మోగింది. జోనా సంతకం పెట్టలేదు. వేరే షాపులో చేరింది. మళ్లీ ఐదు నెలలే. బిడ్డను ఐదేసి నెలల చొప్పునే పెంచుకుంటానందట. ఆ మాట నాకు ఇంగ్లీషులో చెప్పి, స్టవ్ ఆపి, మారిసెల్ నేల మీద కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను.

ఎంత గుండె కావాలండీ అలా అనడానికి? ఇన్ని చదివాను, ఇందరికి చెప్పాను... ఆ పిల్లకు చేతులెత్తి దణ్ణం పెట్టడం తప్ప నాకేమీ తోచలేదు.

మారిసెల్ తన ఇంటికి వెళ్లి తొమ్మిదేళ్లయింది. మనవణ్ణి ఎత్తుకోనే లేదు. వెళ్లడానికి పేపర్ల అడ్డు లేదు. తిరిగొచ్చేసరికి ఇక్కడి పని ఉండదేమోనని భయం. ఆ భయం ఆ ఇంట్లో వంశపారంపర్యం కాబోలు. అందుకే నిన్న తెల్లకాగితం తీసుకుని, రెండు నెలలు ఉండి రమ్మనీ, ఈ ఉద్యోగానికి గడువు లేదనీ రాసి సంతకం పెట్టిచ్చాను.

గడువున్నది నాకు. అది కాగితంలో రాయలేదు.

కాబట్టి నేను కాస్త ఆలస్యంగానే వస్తాను. మాటిచ్చాను మరి... తొందరపెట్టకండి.

మీ
శకుంతల