దూయరాని కత్తి

జేడ్ చెక్కే మెంగ్ చూకి, తూర్పు ద్వారం కాపలా అధికారి యిన్ బావ్ దీవించి రాయునది.

నాకు డెబ్బయ్యో ఏడు వచ్చింది. ఇప్పటికైనా నా కత్తికి జేడ్ రాతి నగలు పెట్టించాలని ఉంది. పిడికి బిళ్ళ, అడ్డపట్టీ, ఒరకి కొక్కెం, ఒర అడుగున తొడుగు, నాలుగూ కావాలి. కత్తి పంపుతున్నాను. శరత్తు లోపల ఇచ్చెయ్యి, ఆపైన లాభం లేదు.

ఇట్లు, యిన్ బావ్

తా.క. కొక్కెం మీద డ్రాగన్‌కి కోపం ఉండాలి. మా బావమరిదికి నువ్వు చెక్కింది అజీర్తి చేసిన బల్లిలా ఉంది.

&nbsp;

అయ్యగారి పాదాలకు మెంగ్ చూ దండాలు.

కత్తి సిద్ధం. దిగులు పడకండి, ఎంతటివాళ్ళమైనా పోవాల్సిందే. ఈ వయసులో నాలుగూ ఒకేసారి చేయించుకునేది సమాధిలోకే కదా. పోయినవాళ్ళ నాలుక మీద పెట్టే జేడ్ ఇలకోడి పురుగును నా అభిమానం కొద్దీ జత చేశాను.

తమ సేవకుడు, మెంగ్ చూ

తా.క. ఒళ్ళు చెడకుండా శరీరంలోని తొమ్మిది ద్వారాలకూ జేడ్ బిరడాలు పంపాను. ఆఖరిది అంచనా మీద చేశాను. బిగువైనా అప్పటికి మీరేమీ అనలేరు.

&nbsp;

మెంగ్ చూ అనే అప్రాచ్యుడికి,

నేను చావడం లేదురా! రేపే రాజుగారి విందు. కోట ద్వారం అధికారిని అక్కడే ఎంచుతారు. నా చెక్కపిడి కత్తిని చూసి, అదే పదవికి పోటీపడే ఆ రెన్ పో ఏటేటా నవ్వుతున్నాడు. ఈసారి పదవి రాకపోతే ఇక నాకు రాదు.

బతికే ఉన్న, యిన్ బావ్

తా.క. ఆఖరి బిరడా రెన్ పోకి దాచాను.

&nbsp;

అయ్యా, క్షమించాలి.

కత్తి దూయకండి. చచ్చినవాళ్ళకి దూసే పని ఉండదని అడ్డపట్టీని ఒరకి లక్కతో అతికించేశాను. దొంగలు సమాధి తవ్వినా ఊడిరాదు. సభలో లాగారంటే నవ్వులపాలవుతారు.

వణుకుతూ, మెంగ్ చూ

తా.క. డ్రాగన్‌కి కోపం బాగా కుదిరింది. ఆ ఒక్కటైనా తలుచుకోండి.

&nbsp;

నాయనా మెంగ్ చూ,

నీ ఉత్తరం విందు అయ్యాక అందింది. రెన్ పో మూడు గిన్నెలు తాగి, నీ డ్రాగన్‌ని వానపాము అన్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. రాజుగారి ఎదుట కత్తి దూస్తే తల పోతుందని తెలిసీ పిడి పట్టుకున్నాను. లాగాను. రెండు చేతులతో లాగాను. మొహం కందగడ్డయింది గానీ అది కదల్లేదు. అప్పుడు భయం వేసి, చెయ్యి వదిలేశాను.

రాజుగారు నన్నే చూస్తున్నారు. "అంత కోపంలోనూ చెయ్యి అదుపులో పెట్టుకున్నాడే! నా ద్వారం దగ్గర నిలబడాల్సింది ఈయనే" అన్నారు.

నా తలా మిగిలింది, పదవీ వచ్చింది.

ఇట్లు, కోట ద్వారం అధికారి యిన్ బావ్

తా.క. లక్క ఎప్పుడైనా వదులైతే వెంటనే వచ్చి మళ్ళీ అతికించు.

ఇంకో మాట. మా ఆవిడ మాట మొదలుపెట్టగానే ఆ ఇలకోడిని నాలుక మీద పెట్టుకుంటున్నాను. పెళ్ళయ్యాక ఇన్నాళ్ళకి ఇంట్లో గొడవ లేదు. ఆవిడ నీకు రెండు బాతులు పంపుతోంది.