మెట్టుకు నీ కాలి కొలత

శంషాబాద్

అన్నా, ఇక్కడ నేను క్షేమమే. కొత్త లారీ మాటెత్తితే నువ్వు ఫోన్ పెట్టేస్తున్నావు కాబట్టి కార్డు రాస్తున్నాను.

నువ్వు ఎక్కడానికి వీలుగా బండికి మెట్టు పెట్టిద్దామని గగన్‌పహాడ్‌లో వెల్డింగ్ మిస్త్రీ దగ్గరికి పోయాను. అతికించబోతుంటే ఎందుకో అనుమానం వచ్చి, ఆపించి షోరూంకు వెళ్లి అడిగాను. సర్వీసు చూసే ప్రేమలత మేడం, "చాసిస్‌కు వెల్డింగ్ పెట్టినా, కొత్త హోల్ కొట్టినా, రేపు అక్కడ విరిగితే వారంటీ రాదు. కంపెనీ మెట్టే ఉన్నది, ఉన్న హోల్స్‌కే బోల్టులు బిగిస్తం. ఎవరి కోసం?" అన్నది.

"మా అన్న కోసం మేడం. యాక్సిడెంట్ల మోకాలు పోయింది. ఎడమ కాలు మడవరాదు."

"గట్లయితే మీరే కాలు మడవకుండ ఎక్కి చూడుండ్రి. మెట్టు ఎంత కిందికి కావాల్నో తెలుస్తది."

ఎక్కాను. సగంలో తలుపు పట్టుకుని వేలాడాను. లోపలికి పోలేను, కిందికి దిగలేను, చుట్టూ జనం చూస్తున్నారు. ఏడాదిగా నువ్వు ఏ బండీ ఎందుకు ఎక్కడం లేదో అప్పుడు తెలిసింది.

నీ కాలు నేల నుంచి ఎంత ఎత్తు లేస్తుందో వదినతో కొలిపించి రాయి. దాన్ని బట్టి మెట్టు దించి బిగిస్తారట. బోరు మోటారు బాగయిందా? పాపకు జ్వరం తగ్గిందా?

మెట్టు మాత్రం బిగించి ఉంచుతాను. ఎక్కేది నీ ఇష్టం. వదినకు నమస్కారాలు, పాపకు ముద్దులు.

నీ తమ్ముడు
కొండల్