నోటికొచ్చిన మాట

సుగుణమ్మా,

ఇవాళ్టికి నువ్వు పోయి మూడేళ్లు. నీ సమాధి దగ్గరికి రావడం సాయంత్రమైంది. పొద్దున మీ అమ్మా నేనూ నీ చెల్లెలు కాంతాన్ని తీసుకుని గురజాల నుంచి పేట ఆసుపత్రికి వెళ్లాం.

"నేనూ అక్క దగ్గరికి పోతా" అని అది నెల కిందట మీ అమ్మతో అంది. నువ్వు పోతానన్నప్పుడు కసిరాను; ఈసారి కసరలేదు, భయపడ్డాను. ఆ వారమే మొదటిసారి పేటకు తీసుకెళ్లాం. డాక్టరమ్మ దాన్నొక్కదాన్నే చూస్తుందనుకుంటే, ముగ్గుర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టింది. ఇంట్లో నీకు ఏది కష్టంగా ఉందని దాన్ని అడిగింది.

"నాయన పిలిచినప్పుడల్లా చావమంటాడు" అంది కాంతం.

నాకు ఒళ్లు మండింది. "అదేమన్నా తిట్టా ఏందండీ? ఎక్కడ చచ్చావే అనే మావైపు పిల్లల్ని పిలిచేది. మా పెద్దదాన్నీ అట్టానే..." అంటుండగానే నా నోరు ఆగిపోయింది. పిల్లలకు మాటలు నేర్పే బడిపంతుల్ని నేను!

మీ అమ్మ నా వంక చూడలేదు.

"ఒక్క మాటతోనే ఎవరూ పోరు మాస్టారూ. కానీ ఆ మాట మానడం మీ చేతిలో ఉంది" అంది డాక్టరమ్మ. పిల్లను ఒంటరిగా వదలొద్దని, ప్రతి శుక్రవారం ముగ్గురూ కలిసే రమ్మని చెప్పింది.

ఈ పొద్దున బస్సు వేళయినా కాంతం కనపడలేదు. "ఎక్కడ చ..." అని ఆగాను. పొయ్యి దగ్గర మీ అమ్మ లేచి నిలబడింది.

"ఎక్కడున్నావు తల్లీ?" అన్నాను.

"దొడ్లో జడేసుకుంటున్నా నాయనా, వస్తున్నా" అంది.

బస్సులో పేట దాకా వెతుక్కున్నాను సుగుణా. నిన్ను 'తల్లీ' అని పిలిచిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు.