డ్రోన్ రెక్కల తగవు

మరిదీ,

డ్రోన్ రెక్కల గురించి నువ్వూ మీ అన్నయ్యా పోట్లాడుకుని, మాటలు మానేసి నెల దాటింది. "కంపెనీవే బిగించు" అన్నావు నువ్వు. "సైజు ఒకటేగా, తిరిగితే చాలు" అంటూ ఆయన బయట దొరికేవి బిగించారు. నిన్న ఎగరేస్తే అది మిక్సీలా అరిచి, వణికిపోయి, పక్కింటి డాబా మీద ఆరేసిన దుప్పట్లో పడింది. గాలి ఎక్కువైందట! ఒక్క ఆకైనా కదలలేదు.

నీ దగ్గర ఒప్పుకోవాలంటే ఆయనకు తల కొట్టేసినట్టుంది. అందుకే కంపెనీ రెక్కలు పంపమని నేనే చాటుగా ఈ ఉత్తరం రాస్తుంటే, వెనక నుంచి వచ్చి అంతా చదివేశారు. కోప్పడలేదు. "పంపడం కాదు, వాణ్ణే తెచ్చి బిగించమను" అన్నారు.

ఆదివారం వచ్చెయ్. ఆయన ముందు నవ్వకు మాత్రం. ఆ పని నేను చూసుకుంటున్నాను.

మీ వదిన